నాన్న ఇచ్చేసిన యాప్

మా నాన్న మా తమ్ముడి యాప్‌ని ఒక్క మాటతో ఇచ్చేశాడు. గుర్రప్పిల్లని ఇచ్చినట్టు, బొచ్చుటోపీ ఇచ్చినట్టు. ఇచ్చి, ప్రార్థన ముగించినట్టు రెండు చేతులూ ముఖం మీదుగా దించుకుని "ఓమిన్" అన్నాడు. దస్తర్‌ఖాన్ అనే భోజనాల గుడ్డ చుట్టూ కూర్చున్న అందరం అలవాటుగా చేతులు ముఖానికి తెచ్చుకున్నాం. మా తమ్ముడు కుబాత్ కూడా. అప్పుడు వాడి నోట్లో ముద్ద ఉంది. అది అక్కడే ఉండిపోయింది.

తీసుకున్నాయన పేరు ఎల్దోస్. బిష్కెక్‌లో పశువుల వ్యాపారం చేసే పెద్ద కంపెనీ మనిషి. మధ్యాహ్నం తెల్ల కారు మా వాకిట్లో ఆపి, "నరీన్ పోతున్నాను, మీ పేరు విని పలకరించి పోదామని" అన్నాడు. అంతే, నాన్న గొర్రెని కోయించాడు. వండిన తల అతిథి ముందు పెడితే, ఆయన చెవి కోసి ఇంట్లో అందరికంటే చిన్నదానికి, అంటే మా పిన్ని మనవరాలికి, ముచ్చటగా అందించాడు. పద్ధతి తెలిసిన మనిషి అని నాన్న కరిగిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఎల్దోస్, తెల్లగడ్డం పెద్దల్ని పిలిచే మర్యాద పిలుపుతో అన్నాడు: "అక్సకాల్, మీ అబ్బాయి చేసిన ఆ కెజూ యాప్ ఉందే, అంత మంచి వస్తువుని నా జన్మలో చూడలేదు."

మా నాన్న ఒమూర్జాక్ ఇంట్లో కూర్చుని అతిథి దేన్నయినా మెచ్చుకుంటే, అది ఇక ఆ ఇంటిది కాదు. ఇలాగే రెండు జీనులు, ఒక వేటకుక్క, మా అమ్మ పెళ్లినాటి తివాచీ వెళ్లిపోయాయి.

"నచ్చిందా?" అన్నాడు నాన్న. "అయితే మీదే. తీసుకోండి."

ఓమిన్.

పెరట్లో టీ నీళ్లు కాగే సమోవర్ దగ్గర కుబాత్‌ని పట్టుకున్నాను.

"మింగావా?"

"ఏంటి?"

"ముద్ద."

"దిగడం లేదక్కా." వాడి ముఖం సున్నం కొట్టినట్టుంది. "ఆయన వసంతంలోనే నాకు ఉత్తరం రాశాడు. యాప్ అమ్ముతావా అని. అమ్మేది కాదన్నాను. అందుకే ఈసారి నన్నడగలేదు. నాన్న దగ్గరికి వచ్చాడు."

"కావాలనే మెచ్చుకున్నాడంటావా?"

"చెవి ఎంత అందంగా కోశాడో చూశావుగా. ఎవరో బాగా నేర్పి పంపారు."

మా ఊళ్లో అన్ని ఇళ్ల గొర్రెలూ ఒకటే మంద. రోజుకో ఇంటివాళ్లు వంతు వేసుకుని మేపుతారు. ఆ వంతే కెజూ. ఎక్కువ గొర్రెలున్న ఇంటికి ఎక్కువ వంతులు. ఒకప్పుడు ఇవాళ నీ వంతంటే కాదు నీదేనని ప్రతి సాయంత్రం వీధిలో కేకలే. ఆ గొడవ తీర్చడానికి కుబాత్ ఈ యాప్ రాసి, కోడ్ అందరికీ తెరిచి పెట్టాడు. పక్క ఊరు తీసుకుంది. తర్వాత బాత్‌కెన్ ఊళ్లు, సరిహద్దు దాటి తాజిక్ ఊళ్లు, కజక్ వైపు వాళ్లు. నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. వాడేవాళ్ల ఫిర్యాదులకు జవాబులు రాయడం కూడా నా పనే. తిట్లన్నీ మొదట నాకే అందుతాయి.

కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు. కానీ దానిలో ఏ మార్పు చేసినా, అది జనం ఫోన్లలోకి చేరాలంటే ఒక రహస్యపు ముద్ర పడాలి. ఆ ముద్ర వేసే తాళంచెవి కుబాత్ దగ్గరే ఉంది. అది చేతిలో ఉన్నవాడు ఏది పంపితే అది అన్ని ఊళ్ల ఫోన్లూ కళ్లు మూసుకుని మింగుతాయి.

"ఎవరి దగ్గర ఎన్ని గొర్రెలున్నాయో వంతుల కోసం యాప్‌లో ఉంటుంది కదా," అన్నాడు కుబాత్. "ఆ లెక్క ఊరు దాటి పోకుండా రాశాను. తాళంచెవి ఆయనకిస్తే రేపే అంతా ఆయన కంపెనీకి పోతుంది. ఎవరికి గడ్డి చాలదో, ఎవరు మంచు పడకముందే తెగనమ్ముకుంటారో ముందే తెలిసిపోతుంది. ఇక ధర వాళ్లిష్టం."

"ఇవ్వనని చెప్పు."

"నాన్న ఓమిన్ అన్నాక?"

వాడి ఇబ్బంది నాకు తెలుసు. ఇవ్వకపోతే ఈ వయసులో నాన్న మాట వీధిపాలవుతుంది. ఇస్తే, మమ్మల్ని నమ్మి గొర్రెల లెక్కలు రాసుకున్న ఊళ్లన్నీ వీధిపాలవుతాయి. రేపు సాయంత్రం బయల్దేరేలోపు తీసుకుంటానని ఎల్దోస్ చిరునవ్వుతో చెప్పి, మా మంచి పరుపు మీద పడుకున్నాడు.

కుబాత్ మఫ్తునాకి ఫోన్ చేశాడు. మఫ్తునా ఖుజంద్‌లో ఉంటుంది. తాజిక్ ఊళ్ల సంగతంతా ఆమే చూస్తుంది. నోరు కాస్త పదును.

"తాళంచెవి ఒక్కడి దగ్గర ఉండకూడదని చలికాలం నుంచి మొత్తుకుంటున్నానా లేదా?" అంది. "చేద్దాం చేద్దాం అన్నావు. ఇప్పుడు చూడు. మీ నాన్నగారికి యాప్ అంటే ఏంటో తెలుసా అసలు?"

"పొద్దున్నే లేపుతుందని తెలుసు."

"అయితే ఆయనకి అర్థమయ్యే మాటల్లో చెప్పు."

చెప్పబోయాడు పాపం. "నాన్నా, ఆ తాళంచెవి సంగతి..." అన్నాడో లేదో, "అతిథి ఇంట్లో ఉండగా ఈ గొణుగుడేంట్రా?" అని నాన్న కసిరాడు. ఆ తలుపు అక్కడితో మూసుకుంది.

మర్నాడు ఆదివారం. మంద మేపే వంతు మాదే. నాకు అప్పుడే ఒక ఆలోచన తట్టింది.

నాన్న గుర్రమెక్కి మంద తోలుకుపోతుంటే, ఎల్దోస్ సరదాపడి అమ్మ ఆడగుర్రం మీద వెంట వెళ్లాడు. కుబాత్ ఇంట్లోనే ఉండిపోయాడు. నేను రొట్టె, వెన్న, కుమిస్ అనే పులిసిన గుర్రప్పాలు సంచీలో కట్టుకుని గాడిదెక్కి బయల్దేరాను.

"నువ్వెందుకే?" అంది అమ్మ.

"అతిథికి ఆకలేస్తే?"

"నిన్న తిన్నదానికి ఆయనకి గురువారం దాకా ఆకలి వెయ్యదు."

కొండవాలున మంద పరుచుకుని ఉంది. తినడం అయ్యాక, జుమాగుల్ వాళ్ల పొట్టేలు మా ముందు నుంచే పోయింది. నల్ల తల, తెల్ల ఒళ్లు, వెనక దిండు కట్టినట్టు కొవ్వు తోక. జుమాగుల్ మా ఎదురింటావిడ. గొంతు విప్పితే నది అవతలికి వినబడుతుంది.

"ఎల్దోస్ గారూ," అన్నాను, "మా ఊరి గొర్రెల గురించి మీరేమీ అనలేదు. ఆ పొట్టేలు చూశారా?"

మెచ్చుకోవడం ఆయనకి ఊపిరి తీసుకున్నంత తేలిక. "అబ్బో! కొచ్‌కోర్ సంతంతా తిరిగినా ఇలాంటిది కనబడదు. ఏం పొట్టేలమ్మా!"

నాన్న ఛాతీ పొంగింది. చెయ్యి లేచింది. "నచ్చిందా? అయితే మీ..." అన్నాడు. అక్కడ ఆగిపోయాడు. దగ్గాడు. టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏం నాన్నా, ఆగిపోయావు?"

"అది జుమాగుల్‌ది."

"అయితే ఏం? ఇవాళ మంద నీ చేతిలోనే ఉంది కదా. కర్ర నీది, గుర్రం నీది, తోలేది నువ్వు. ఇచ్చెయ్."

"నీకు మతి పోయిందా?" నాన్న కళ్లు పెద్దవయ్యాయి. "నమ్మి తోలిన గొర్రెని ఇచ్చేసి, సాయంత్రం జుమాగుల్ వాకిట్లో ఏ ముఖం పెట్టుకుని నిలబడను? చచ్చినా ఆ మాట అనకు."

ఎల్దోస్ నవ్వి, ఫోన్‌కి సిగ్నల్ కోసం కాస్త దూరం నడిచాడు. సిగ్నల్ ఆ వాలులో ఎవరికీ దొరకదు. నేను నాన్న దగ్గరికి జరిగాను.

"మరి కుబాత్ చేతిలో ఉన్న మంద ఎవరిది నాన్నా?"

"వాడికి మందెక్కడిది?"

"ఆ యాప్."

"అది వాడు చేసిందేగా?"

"మొదలుపెట్టింది వాడు. తప్పిపోయిన గొర్రెని వెతికే భాగం కజక్ వాళ్లు చేశారు. తాజిక్ మాటలన్నీ మఫ్తునావి. పొద్దున్నే నిన్ను 'ఒమూర్జాక్, ఇవాళ మీ వంతు, లేవండి' అని పిలుస్తుందే, ఆ గొంతు ఓష్‌లో ఒక టీచరమ్మది. చూపు ఆననివాళ్ల కోసం కూర్చుని చదివి పంపింది."

"ఆవిడదా?" నాన్న ఆశ్చర్యపోయాడు. "మీ అమ్మకంటే మర్యాదగా లేపుతుంది."

"ఎవరూ కూలి అడగలేదు. మన ఇల్లు కట్టినప్పుడు ఊరంతా వచ్చి గోడ లేపారు చూడు, అలా వచ్చి చేశారు. గొర్రెల లెక్కలు రాసుకున్న ఊళ్లు వేరే. అవన్నీ కలిపి వాడి చేతిలో ఉన్నాయి. నువ్వు నిన్న ఇచ్చింది వాటిని."

నాన్న కర్రతో మందవైపు చూపించాడు.

"అంటే వాడు కాపరి."

"అవును."

"యజమాని కాదు."

"ఎప్పుడూ కాదు."

"మరి ఆ గాడిద నిన్న నోరు మూసుకుని ఎందుకు కూర్చున్నాడు?"

"నోట్లో ముద్ద ఉంది."

నాన్న తిట్టడానికి నోరు తెరిచాడు. అప్పుడే చూశాం. ఎల్దోస్ ఎంతో దూరం పోలేదు. బండరాయి వెనకే ఉన్నాడు. అంతా విన్నాడు.

"అక్సకాల్," అన్నాడు పొట్ట పట్టుకుని, "కుమిస్ పడలేదు. నేను కిందికి పోయి కాస్త నడుం వాలుస్తాను." జవాబు కోసం ఆగలేదు. గుర్రమెక్కి మడమలతో పొడిచాడు.

పొట్టనొప్పి ఉన్నవాడు అంత వేగంగా కొండ దిగడం నేనెప్పుడూ చూడలేదు.

"నాన్నా, కుబాత్! నువ్వు మనసు మార్చుకున్నావని వాడికి తెలీదు. అడగ్గానే ఇచ్చేస్తాడు!"

నాన్న కళ్లెం మీద చెయ్యి వేశాడు, తీసేశాడు. వంతులో ఉన్నవాడు మందని వదిలి కదలకూడదు. ఆ వారమే వాగు పైన తోడేలు కనబడింది.

"నా గుర్రం తీసుకో," అన్నాడు. "వాగులోంచి పో."

ఎల్దోస్ వంతెన మీదుగా పోయే చుట్టుబాట పట్టుకుని పోతున్నాడు. నేను రాళ్ల వాలు మీదుగా నేరుగా దిగాను. వాగు నడుం లోతుంది, మంచు కరిగిన నీళ్లు. గుర్రం ఒకసారి జారింది. నేను పూర్తిగా మునిగి లేచాను. అవతలి గట్టెక్కేసరికి నా కండువా నాన్‌స్టాప్ బస్సులా దిగువకి పోతోంది. దాన్ని వదిలేశాను.

అయినా ఆయనే ముందు చేరాడు. అమ్మ ఆడగుర్రం మా వాకిట్లో నురగలు కక్కుతూ నిలబడి ఉంది. లోపల కుబాత్ ల్యాప్‌టాప్ తెరిచి, చేతిలో ఆ తాళంచెవి ఉన్న చిన్న పెన్‌డ్రైవ్ పట్టుకుని, పన్ను పీకించుకోబోయేవాడిలా కూర్చున్నాడు. ఎదురుగా ఎల్దోస్ అరచెయ్యి చాపి ఉన్నాడు.

"ఆగు!"

అమ్మ నన్ను కిందినుంచి పైకి చూసింది. "ఏమే, స్నానం ఇంట్లో చెయ్యొచ్చుగా."

నాకు ఊపిరి అందడం లేదు. నాన్న మాట తప్పాడని అనలేను. ఆ మాట నాన్నే చెప్పాలి. దొరికిన మాట పట్టుకున్నాను. "నాన్న... తన చేతుల మీదుగా ఇస్తానన్నాడు. మంద దిగాక. వీధిలో, అందరి ముందు."

"అక్సకాల్ నిన్ననే ఇచ్చేశారు కదమ్మా," అన్నాడు ఎల్దోస్ తియ్యగా.

"మాట ఇచ్చాడు. వస్తువు ఇవ్వలేదు. తన చేత్తో పగ్గం పట్టుకుని అందించకుండా మా నాన్న ఒక్క గుర్రాన్ని కూడా ఇవ్వలేదు. ఇంటాయన కొండ మీద ఉండగా పట్టుకుపోతే ఊళ్లో ఏమంటారు?"

అమ్మకి విషయం ఏమీ తెలీదు. కానీ పద్ధతి తెలుసు. "అదీ నిజమే బాబూ," అంది. "కూర్చోండి. టీ తాగండి."

పోసింది. ఆయన తాగాడు. మళ్లీ పోసింది. మా ఇళ్లలో గిన్నె అడుగున రెండు గుక్కలే పోస్తాం, అతిథి ఎక్కువసేపు కూర్చోవాలని. ఆ సాయంత్రం అమ్మ పోసిన టీకి ఎల్దోస్ రెండుసార్లు పెరట్లోకి వెళ్లొచ్చాడు. రెండుసార్లూ కుబాత్ పెన్‌డ్రైవ్‌ని బూటులో దాచుకున్నాడు.

పొద్దు వాలాక దుమ్ము లేచింది. మంద దిగుతోంది. ప్రతి గుమ్మం ముందూ ఆడవాళ్లు నిలబడి తమ గొర్రెల్ని పిలుస్తున్నారు. ఆ దుమ్ములోంచి నాన్న వచ్చాడు, గాడిద మీద. కాళ్లు నేలకి రాసుకుంటున్నాయి.

"ఒమూర్జాక్! గుర్రాన్ని కూడా ఇచ్చేశావా?" జుమాగుల్ అరిచింది. వీధంతా నవ్వింది.

నాన్న నవ్వలేదు. దిగి, మందలోకి పోయి, తన తెల్ల పొట్టేలుని కొమ్ము పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. దానికి చలికాలమంతా తన చేత్తో బార్లీ తినిపించాడు. పోయినేడు సంతలో మొదటి బహుమతి దానిదే. అమ్మని కూడా దాన్ని ముట్టుకోనివ్వడు.

"అందరూ వినండి," అన్నాడు. "నిన్న నా దస్తర్‌ఖాన్ ముందు నాది కానిదాన్ని ఈ అతిథికి ఇస్తానన్నాను. నా కొడుకు కాపరి. పది ఊళ్లవాళ్లు నమ్మి వాడి చేతిలో పెట్టినదాన్ని నాదనుకున్నాను. తప్పు వాడిది కాదు, అతిథిదీ కాదు. మాట నాది. నా మాటకి నా సొత్తే పూచీ. ఇదిగో."

పొట్టేలు మెడకి పగ్గం వేసి ఎల్దోస్ చేతికి చాపాడు.

"అక్సకాల్, నేనడిగింది..." ఎల్దోస్ మొదలుపెట్టాడు.

"ఏం బాబూ," అంది జుమాగుల్ నది అవతలికి వినబడేలా, "పొట్టేలు నచ్చలేదా?"

అందరూ ఎల్దోస్ వైపు చూశారు. చెవి అంత అందంగా కోసిన మనిషికి, వీధిలో తెల్లగడ్డం పెద్దాయన చేతిలోని పగ్గం తోసేస్తే ఏమవుతుందో తెలీకుండా ఉంటుందా? ఏ పద్ధతిని పట్టుకుని మా ఇంట్లోకి వచ్చాడో, అదే ఆయన్ని గట్టిగా పట్టుకుంది. మెల్లిగా చెయ్యి చాపి పగ్గం అందుకున్నాడు.

చప్పట్లు. ఓమిన్. పొట్టేలు కళ్లు ఎంత బాగున్నాయో ఆయనకి అందరూ చెప్పారు.

తర్వాత దాన్ని తెల్ల కారు వెనక సీట్లో ఎక్కించబోయారు. ముందుకాళ్లు ఎక్కాయి. తోలు సీటు మీద పొట్టేలు తన అభిప్రాయాన్ని గుండ్రంగా, గుప్పెడంత వదిలి, మళ్లీ దిగిపోయింది. ఎల్దోస్ దానివంక చూశాడు. సీటువంక చూశాడు. హఠాత్తుగా నవ్వడం మొదలుపెట్టాడు. వచ్చినప్పటి నవ్వు కాదు. పొట్ట పట్టుకుని, ఈసారి నిజంగానే.

"అక్సకాల్, మీరు గెలిచారు. దీన్ని మీ మందలోనే ఉండనివ్వండి."

"ఉంటుంది," అన్నాడు నాన్న. "కానీ గొర్రె ఉన్నవాడికి వంతు ఉంటుంది. అది నా చేతిలో లేదు."

కుబాత్ అప్పటికే ఎల్దోస్ పేరు ఫోన్‌లో రాసేస్తున్నాడు. ఎల్దోస్ జేబులోని ఫోన్ నుంచి ఓష్ టీచరమ్మ మర్యాదగా పలికింది: "ఎల్దోస్, వచ్చే శనివారం మీ వంతు."

కారు వెళ్లిపోయాక నాన్న కుబాత్‌ని పిలిచాడు. "ఆ తాళంచెవి ఎక్కడుంది?"

కుబాత్ బూటు విప్పాడు.

"నీ ఒక్కడి దగ్గరేనా? కాపరికి జ్వరమొస్తే? కాపరి తండ్రి అతిథి ముందు నోరు జారితే?"

"చలికాలం నుంచి చేద్దామనే..."

"ఇవాళ చెయ్."

చేశారు. ఇప్పుడు ఆ తాళంచెవి ముక్కలై కుబాత్ దగ్గర, మఫ్తునా దగ్గర, నా దగ్గర ఉంది. ఇద్దరు కలవందే ముద్ర పడదు. ఎవరికి ఓపిక తగ్గినా, పక్కవాళ్లకి చెప్పి తన ముక్క అందించి తప్పుకోవచ్చు. జరిగినదంతా కుబాత్ అన్ని ఊళ్లకీ దాచకుండా రాశాడు. తండ్రి పేరు తీసేస్తానంటే నాన్నే ఒప్పుకోలేదు. "నా పేరు ఉండాలి. ఇంకో తండ్రి చదువుకుంటాడు," అన్నాడు. మఫ్తునా ఫోన్ చేసి, "మీ నాన్నగారిని మన ప్రాజెక్టుకి పెద్దమనిషిగా పెడదామా?" అంది. నాన్న పక్కనుంచి, "జీతముందా?" అన్నాడు. లేదంటే, "అయితే సరే" అన్నాడు.

శనివారం ఎల్దోస్ రాడనే అందరం అనుకున్నాం. వచ్చాడు, పట్నం బూట్లతో. వాన పట్టింది. సాయంత్రం మందని లెక్క తప్పకుండా దింపి, మడమలు కొట్టుకుపోయి, మా అమ్మ చేతి సూప్ తాగి వెళ్లాడు. మర్నాడు నాకు ఆయన దగ్గర్నుంచి పేజీడు ఫిర్యాదు వచ్చింది: సిగ్నల్ లేని వాలులో యాప్ దాన్ని వెతికి వెతికి ఫోన్ ఛార్జంతా తినేస్తోంది, కాపరికి అవసరమైనప్పుడే ఫోన్ చచ్చిపోతోంది, దీనికి బాధ్యులెవరు?

అందరికీ రాసే జవాబే రాశాను. "కోడ్ తెరిచే ఉంది. బాగుచేసి పంపండి. చూసి తీసుకుంటాం."

పంపాడు! కొనుగోళ్ల మనిషి కాకముందు ఆయన కోడ్ రాసేవాడట. మఫ్తునా ఒక్కో వరసనీ బియ్యంలో రాళ్లేరినట్టు చూసింది. "దొంగతనం ఏమీ లేదు," అంది. "బద్ధకమే." తిప్పి పంపింది. ఆయన సరిచేసి పంపాడు. మళ్లీ తిప్పింది. చివరికి తీసుకున్నాం. కుబాతూ నేనూ కలిసి ముద్ర వేశాం. ఇప్పుడు మా వాలులో ఫోన్లు సాయంత్రం దాకా బతుకుతున్నాయి. యాప్ చేసినవాళ్ల పేర్లలో అందరికంటే కింద ఎల్దోస్ పేరు ఉంటుంది.

పోయిన వారం మా ఇంటికి జలాలాబాద్ నుంచి చుట్టాలు వచ్చారు. తల వడ్డించాం. వాళ్లలో పెద్దాయన గడ్డం నిమురుకుంటూ, "ఒమూర్జాక్, మీ వాడు చేసిన ఆ యాప్ ఎంత బాగుందయ్యా!" అన్నాడు.

కుబాత్ నమలడం ఆపేశాడు.

నాన్న చెయ్యి లేచింది. గాల్లో ఆగింది.

"అది మాది కాదు," అన్నాడు. "మేము కాస్తున్నాం, అంతే. మీకూ కావాలంటే ఒక వంతు తీసుకోండి, మావాడు పని చెబుతాడు." కానీ లేచిన చెయ్యి ఊరికే దిగడం ఆయనకి చేతకాదు. చుట్టూ చూశాడు. "ఈ టీపాట్ నచ్చిందా?"

"అది మా అమ్మ ఇచ్చింది!" అని అమ్మ టీపాట్‌ని ఒళ్లో పెట్టుకుంది.

కుబాత్ ముద్ద మింగాడు.